పరస్థానం పెట్టిన బ్యాగు

అమరేశ్వరరావుకి జపాన్ మీద మోజేమీ లేదు. ఈ సంగతి ఆయనే అందరికీ చెప్పాడు. కెనడాలో, తానుండే వాటర్లూ ఊళ్లో తెలుగువాళ్లు నలుగురు కూడిన ప్రతిచోటా, పులిహోర ప్లేటు చేతిలో పట్టుకుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు. "అబ్బే, నాకేం జపాన్ పిచ్చి లేదండీ. అమ్మాయి కెరీర్‌కి పనికొస్తుందని, అంతే." అడగని ప్రశ్నకి జవాబు చెప్పే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. కానీ ఇక్కడ ఎవరి హడావిడి వాళ్లది. ఎవరికీ రాలేదు.

ఆయనకి యాభై మూడేళ్లు. ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటాబేసులు చూసుకుంటాడు. తెనాలిలో పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం మొదలుపెట్టి, న్యూజెర్సీలో గ్రీన్ కార్డు క్యూలో పదకొండేళ్లు నిలబడి, విసుగెత్తి కెనడా పీఆర్ తెచ్చుకున్నాడు. ఇల్లుంది, రెండు కార్లున్నాయి. ఫార్మసీలో పనిచేసే భార్య కమలకుమారి ఉంది. ఊళ్లోని యూనివర్సిటీలోనే మూడో ఏడు చదువుతున్న కూతురు సాత్విక ఉంది. ఇన్ని ఉన్న మనిషికి తక్కువేమీ లేదు గానీ, ఒక అలవాటు ఎక్కువ. తనకి రావాల్సిన ప్రమోషన్ ఇంకొకడికి పోతే, "అదే జపాన్ వెళ్లుంటేనా" అనుకుంటాడు. జనవరిలో డ్రైవ్‌వే మీద మంచు ఎత్తిపోస్తూ అదే అనుకుంటాడు. పైకి అనడు. పార మంచులోకి దిగే ఊపుని బట్టి కమలకుమారి కనిపెట్టేస్తుంది.

అసలు కథ పందొమ్మిది వందల తొంభై తొమ్మిదిలో ఉంది. అప్పుడు హైదరాబాదులో ఆయన కంపెనీవాళ్లు ఆయన్ని జపాన్ పంపిస్తామన్నారు. ఆరు నెలలు అమీర్‌పేటలో సాయంత్రం క్లాసులకెళ్లి జపనీస్ నేర్చుకున్నాడు. వాళ్ల లిపి బుర్రకెక్కలేదు. అందుకని మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఒక లావుపాటి నోటుబుక్కు నిండా రాసుకున్నాడు. జపాన్‌లో ఎవర్ని కలిసినా ముందు విజిటింగ్ కార్డు రెండు చేతులా పట్టుకుని ఇవ్వాలని క్లాసులో చెబితే, ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు జపనీస్ ఉండేట్టు వంద కార్డులు అచ్చువేయించాడు. ప్రయాణం రోజు మంచిది కాదని తెనాలిలో వాళ్లమ్మ మూడు రోజుల ముందే ఆయన పెట్టెకి పరస్థానం పెట్టింది.

పరస్థానమంటే ఈ కాలం పిల్లలకి తెలియదు, చెప్పాలి. బయల్దేరాల్సిన రోజు బాగా లేకపోతే, దానికి ముందు బాగున్న రోజు చూసి, మనిషికి బదులు ఆ మనిషి సామాను ఒకటి గడప దాటించి పొరుగింట్లో పెడతారు. పెట్టె కదిలితే మనిషి కదిలినట్టే లెక్క. అసలు ప్రయాణం నాడు పొరుగింట్లోంచి ఆ పెట్టె తీసుకుని, మళ్లీ ఇంటి గడప తొక్కకుండా అట్నుంచి అటే వెళ్లిపోవాలి. గ్రహాల కళ్లుగప్పడానికి ఇంతకంటే మర్యాదస్తుల పద్ధతి ఇంకోటి లేదు.

ఆ పెట్టె ఎదురింటి కోదండరామ్ మాస్టారింట్లో పెట్టిన సాయంత్రమే ఎస్టీడీ బూత్‌కి హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. జపాన్ వాళ్లు ప్రాజెక్టు రద్దు చేశారట. బయల్దేరిన పెట్టె వెనక్కి రాకూడదు మరి! వాళ్లమ్మ వారం రోజులు తల బద్దలుకొట్టుకుని, చివరికి దాన్ని దొడ్డిదారిన లోపలికి తెప్పించింది, వెనక్కి వచ్చానని ఆ పెట్టెకి తెలియకూడదన్నట్టు. మరుసటేడు అమెరికా వీసా వచ్చింది. ఊరంతా ఎంత అదృష్టమన్నారు. ఆయనా అవునన్నాడు. నోటుబుక్కూ, వంద కార్డుల డబ్బా మాత్రం న్యూజెర్సీకి, అక్కణ్నుంచి వాటర్లూకి ఆయన వెంటే తిరిగాయి.

ఇప్పుడు సాత్విక సంగతి. ఆమె చదువులో ఒక టర్మ్ పాఠాలు, ఒక టర్మ్ కోఆప్ అని చదువులో భాగంగానే ఉద్యోగం. మధ్యలో ఒక టర్మ్ వేరే దేశం యూనివర్సిటీలో ఎక్స్‌చేంజ్ మీద చదువుకోవచ్చు. స్వీడన్ అడిగింది, నిండిపోయింది. సింగపూర్ అడిగింది, అదీ నిండిపోయింది. మూడో గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలడం లేదని జపాన్ అని నొక్కింది. వచ్చేసింది. తండ్రి ఇరవయ్యారేళ్లు గుండెల్లో మోసుకు తిరిగిన దేశం కూతురికి ఫారంలో మూడో గడి నింపితే దొరికింది.

కబురు విన్న రోజే అమరేశ్వరరావు బేస్‌మెంట్‌లోంచి నోటుబుక్కు పైకి తెచ్చాడు. డిన్నర్ టేబుల్ దగ్గర మొదటి పాఠం ఎత్తుకున్నాడు.

"చూడమ్మా, ఎవర్ని కలిసినా ముందు హజిమేమాషితే అనాలి. అని, నడుం వంచాలి."

"డాడ్, ఇట్స్ ఆల్ టాట్ ఇన్ ఇంగ్లీష్," అంది సాత్విక, చపాతీ మీంచి కళ్లెత్తకుండా.

"క్లాసు సరే. బయట మనుషుల్తో మాట్లాడొద్దా?"

"దేర్స్ యాన్ యాప్ ఫర్ దట్."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. జపాన్ దాకా వెళ్లి ఇంగ్లీష్ మీడియమా! ఆర్నెల్లు రెండు బస్సులు మారి అమీర్‌పేట వెళ్లి నేర్చుకున్న చదువుకి ఇదా గౌరవం! ఆ పిల్లకి మూడేళ్లు నిండకముందే, యాస వచ్చేస్తుందని భయపడి, ఇంట్లో తెలుగు మాని ఇంగ్లీషు పెట్టింది తానేనన్న సంగతి ఆ మంటలో ఆయనకి గుర్తురాలేదు. నోటుబుక్కు మూసి మళ్లీ కిందకి పట్టుకెళ్లాడు.

తర్వాత టికెట్ తీశారు. సెప్టెంబర్‌లో ఒక ఆదివారం, టొరంటో నుంచి టోక్యో, అక్కణ్నుంచి రైల్లో యూనివర్సిటీ ఉన్న సెందాయ్. కమలకుమారి తెనాలిలో తమ సిద్ధాంతిగారికి ఫోన్ చేసి రోజు ఎలా ఉందని అడిగింది. జపాన్ తూర్పు కదా తల్లీ, ఆదివారం తూర్పుకి వారశూల లేదు, ఆ దిక్కుకి ఆ రోజు వెళ్లొచ్చు, నిశ్చింతగా పంపించమన్నాడాయన. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ అమరేశ్వరరావుకి దేశపటాలంటే ప్రాణం. తప్పు చెబితే ఊరుకోలేడు.

"తూర్పేమిటి, నీ మొహం! తెనాలికి తూర్పు. మనకి జపాన్ పడమర," అంటూ లేచి, గరిటెతో కిటికీ వైపు చూపించి మరీ చెప్పాడు.

కమలకుమారి మొహం పాలిపోయింది. "పడమరా? ఆదివారం పడమరకి శూల కదండీ! పిల్లని శూలకి ఎదురు పంపిస్తామా?"

అప్పుడు నాలిక కరుచుకున్నాడు గానీ ఏం లాభం? టికెట్ మార్చడానికి లేదు. భూమి గుండ్రం, ఎటు నుంచి వెళ్లినా ఒకటేనని నచ్చజెప్పబోయాడు. "ఇందాక పడమరన్నది మీరే," అందావిడ. మళ్లీ సిద్ధాంతిగారికి ఫోన్ వెళ్లింది. ఆయన కెనడా అసలు ఎక్కడుందో రెండుసార్లు అడిగి తెలుసుకుని, గురువారం ఉదయం తొమ్మిదీ నలభై నుంచి పదీ ఇరవై లోపల పిల్ల బ్యాగుకి పరస్థానం పెట్టేయండి, దోషం పోతుందన్నాడు.

గురువారం కమలకుమారికి ఫార్మసీలో డ్యూటీ. సాత్విక ఫ్రెండ్స్‌తో టొరంటో వెళ్లింది. తన గదిలో రెండు సూట్‌కేసులూ తెరిచి పరిచి, ఎవరూ ముట్టుకోవద్దని తలుపు మీద కాగితం అంటించి మరీ వెళ్లింది. ఇంట్లో మిగిలింది అమరేశ్వరరావు. ఆ రోజు ఆయన ఇంటినుంచే పని.

"ఏమండీ, అమ్మాయివి రెండు జతల బట్టలు ఏదైనా చిన్న బ్యాగులో పెట్టి, టైము దాటకుండా కొమరయ్యగారింట్లో పెట్టి రండి. మర్చిపోకండే!" అని నాలుగుసార్లు చెప్పి కమలకుమారి వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నరకి ఆయన సాత్విక తలుపు దగ్గర నిలబడ్డాడు. కాగితం చదివాడు. ఆడపిల్ల బట్టలు, పైగా ముట్టుకోవద్దంది. ఏదో ఒక బ్యాగే కదా, గ్రహాలు జిప్పు తీసి చూస్తాయా ఏంటి అనుకున్నాడు. కిందకెళ్లి తన నల్ల క్యాబిన్ బ్యాగు తీశాడు. ఖాళీ బ్యాగు పెడితే పరస్థానం అవ్వదు కదా, అందుకని తన తెల్ల చొక్కాలు రెండు పెట్టాడు. చొక్కాలుంటే ప్యాంటు ఉండాలి. సెందాయ్‌లో చలెక్కువని చదివాడు కాబట్టి నీలం స్వెట్టర్ పెట్టాడు. బనియన్లు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. ఇంతవరకు ఏదో సర్దిచెప్పుకోవచ్చు. ఆ పైన నోటుబుక్కూ, కార్డుల డబ్బా ఎందుకు పెట్టాడో ఆయన్ని అడక్కండి. ఆయనకే తెలియదు. జిప్పు లాగేసి బ్యాగు ఎత్తుకున్నాడు.

కొమరయ్యా, సరోజనా పక్కింటివాళ్లు, కరీంనగర్ వైపు. ఎనిమిదేళ్లుగా ఒకరి తాళాలు ఒకరి దగ్గరుంటాయి. సరోజన తలుపు తీసి బ్యాగు అందుకుంది.

"దేవుని అర్ర కాడ పెడుత అన్నా. కూసో, చాయ్ తాగి పోదువు."

కొమరయ్య బ్యాగుని, దాన్ని వదల్లేక వదిలిన అమరేశ్వరరావు చేతిని చూసి నవ్వాడు. "ఏంది సార్, బిడ్డ పోతున్నట్టు లేదు, నువ్వే పోతున్నట్టున్నవ్?"

"భలేవారే, నాకేం జపాన్ పిచ్చి లేదండీ," అన్నాడు అమరేశ్వరరావు. చాయ్ తాగకుండానే వచ్చేశాడు.

ఆదివారం దాకా రోజులు హాయిగా గడిచాయి. సాత్విక వెళ్లిపోయాక ఎప్పుడో తీరిగ్గా బ్యాగు తెచ్చుకోవచ్చులే, ఎవరికీ తెలియదులే అనుకున్నాడు. పరస్థానం సగం సంగతే ఆయనకి గుర్తుంది. మిగతా సగం గుర్తుపెట్టుకున్న మనిషి కమలకుమారి.

ఆదివారం పొద్దున కారు రివర్స్ చేస్తుంటే, "కొమరయ్యగారింటి ముందు ఆపండి. అమ్మాయి బ్యాగు తీసుకోవాలి," అందావిడ.

ఆయనకి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. "దాన్నెందుకిప్పుడు? బరువెక్కువైపోతుంది."

"అయ్యో, పరస్థానం పెట్టింది వదిలేసి వెళ్తారా ఎవరైనా? క్యాబిన్ బ్యాగు ఒకటి అలౌడే, నేను చూశాను."

సరోజన అప్పటికే బ్యాగుకి బొట్టు పెట్టి గుమ్మంలో నిలబడి ఉంది. సాత్విక దాన్ని చూసి, "వాట్స్ ఇన్ ఇట్? పొడులా?" అంది. కూతురి బట్టలతో పాటు ఆయన ఇంకేదో కూడా పెట్టి ఉంటాడనుకుని కమలకుమారి, "నాన్న సర్దార్లే," అంది. సాత్విక కళ్లు తిప్పింది. కారప్పొడులే అనుకుంది.

ఎయిర్‌పోర్టులో కౌంటరమ్మాయి అడిగింది, మీ బ్యాగులన్నీ మీరే సర్దుకున్నారా అని. సాత్విక తండ్రి వైపు చూసింది. తండ్రి బయల్దేరే విమానాల బోర్డు వైపు చూశాడు. "యెస్," అంది సాత్విక. అంతే. కూతురు చెయ్యి ఊపుకుంటూ అద్దాల తలుపుల్లోంచి వెళ్లిపోయింది. వెనకాలే చక్రాల మీద ఆయన బనియన్లూ, ఆయన నోటుబుక్కూ వెళ్లిపోయాయి. కమలకుమారి ఏడ్చింది. ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. ఏడుపు దేనికో మాత్రం ఇద్దరిదీ ఒకటి కాదు.

రెండు రోజులు తిండి సయించలేదు. పిల్ల క్షేమంగా చేరానని మెసేజ్ పెట్టింది, మంచం ఫోటో పెట్టింది, అన్నం ఉండల ఫోటో పెట్టింది. బ్యాగు ఊసెత్తలేదు. ఎత్తిన రోజున ఈ ఇంట్లో తన పరువేమవుతుందో తలుచుకుంటే ఆయనకి చెమటలు పట్టేవి. పాతికేళ్లుగా భార్య పంచాంగాన్ని ఎగతాళి చేసిన మనిషి. జపాన్ పిచ్చి లేదని ఊరంతా టముకు వేసిన మనిషి. యాభై మూడేళ్ల వయసులో తన బట్టలు దొంగచాటుగా జపాన్‌కి పరస్థానం పెట్టుకున్నాడంటే ఏం చెప్పుకుంటాడు?

బుధవారం ఉదయం ఏడింటికి, భార్యాభర్తలు కాఫీ తాగుతుండగా వీడియో కాల్ వచ్చింది. అక్కడ సాయంత్రం ఎనిమిది. సాత్విక కెమెరా మంచం వైపు తిప్పింది. నీలం స్వెట్టర్, తెల్ల చొక్కాలు, గడ్డం గీసుకునే సామాను వరసగా పరిచి ఉన్నాయి.

"డాడ్, వై డు ఐ హావ్ యువర్ బనియన్స్?"

కమలకుమారి కప్పు కింద పెట్టింది. "ఏమండీ, మీ బట్టలు దాని దగ్గరికెలా వెళ్లాయి?"

ఆయన నీళ్లు నమిలాడు. తలుపు మీద కాగితం గురించి చెప్పాడు, ఆడపిల్ల బట్టలన్నాడు, టైము దాటిపోతోందన్నాడు. కమలకుమారి ఇవేవీ వినలేదు.

"అంటే అమ్మాయికి పరస్థానమే పెట్టలేదా? శూలలో వట్టిగా పంపించామా దాన్ని! అయ్యో భగవంతుడా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. పిల్ల ఎదురుగా తెర మీద నిక్షేపంలా ఉంది కాబట్టి కాసేపటికి తేరుకుంది. తేరుకున్నాక అసలు ప్రశ్న వచ్చింది. "మరి ఆ పరస్థానం ఎవరికి పెట్టినట్టండీ?"

అమరేశ్వరరావు కాఫీలో ఇంకో చెంచా పంచదార వేసుకున్నాడు. దాన్ని కలుపుతూ కూర్చున్నాడు.

సాత్విక నోటుబుక్కు చూపించింది. అది జపనీసే గానీ తెలుగు అక్షరాలు. తెలుగు అక్షరాలు ఆ పిల్లకి రావు. కార్డు వెనక జపనీస్ ఉంది, అదీ రాదు. నాన్న పేరుతో జపాన్ కార్డేమిటో అర్థం కాక హాస్టల్ చూసుకునే సాతో గారని ఒక పెద్దావిడకి కార్డు చూపించిందట. సాత్విక ఇదంతా ఇంగ్లీషులోనే చెప్పిందిలెండి. సాతో గారు పని ఆపేసి లేచి నిలబడిందట. కార్డుని రెండు చేతులా అందుకుందట. పేరు పైకి చదివి, కార్డుకి నడుం వంచి దణ్ణం పెట్టిందట. అది ఏ కంపెనీ కార్డో ఆ కంపెనీ మూతపడి ఇరవై ఏళ్లయింది. అయినా ఆవిడ దాన్ని జేబులో పడేసుకోకుండా, తన బల్ల మీద నిలబెట్టి పెట్టుకుందట.

వందలో ఒకటి చేరాల్సిన చోటికి చేరింది. ఇరవయ్యారేళ్లు పట్టింది.

"షీ వాంట్స్ టు సే హలో," అంటూ సాత్విక ఫోను పట్టుకుని కిందకి నడిచింది. తెర మీద నెరిసిన జుట్టుతో చిన్న మనిషి కనిపించింది. ముందు ఒక రిజిస్టరు తెరిచి ఉంది. అమరేశ్వరరావు తనకి తెలియకుండానే లేచి నిలబడ్డాడు. నైట్ ప్యాంటు మీద ఉన్న సంగతి మర్చిపోయి నడుం వంచాడు.

"హజిమేమాషితే. వతాషి వా అమరేశ్వరరావ్ దెసు."

కమలకుమారి నోరు తెరిచి చూసింది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆ గొంతు ఆవిడ వినలేదు.

సాతో గారు తనూ నడుం వంచి ఏదో గబగబా అంది, ఒక్క ముక్క అర్థం కాలేదు. తర్వాత నెమ్మదిగా, రిజిస్టరు మీద వేలు పెట్టి, "ఇత్సు కిమాసు కా?" అంది. అది అర్థమైంది. నాలుగో పాఠం.

"వాట్ డిడ్ షీ సే?" అని అడిగింది సాత్విక.

"ఎప్పుడొస్తారని అడుగుతోంది," అన్నాడు ఆయన. "పేరెంట్స్‌కి గెస్ట్ రూమ్ ఉందనుకుంటా."

"దేర్ ఈజ్. త్రీ నైట్స్. సో? వెన్?"

ఎప్పుడా? నవంబర్‌లో ప్రాజెక్టు రిలీజుందన్నాడు. రిలీజు ఎప్పుడూ ఉంటుందంది కమలకుమారి. చలికాలం వచ్చేస్తోందన్నాడు. మనకంటే చలా అక్కడ, అందావిడ. చివరికి, పాతికేళ్లు పంచాంగాన్ని చూసి నవ్విన ఆ మనిషి గొంతు తగ్గించి, "పడమర ప్రయాణానికి మంచి రోజు చూడాలి కదా కమలా," అన్నాడు.

కమలకుమారి కప్పు పక్కకి జరిపింది. కోప్పడలేదు. "తొంభై తొమ్మిదిలో అంటే వాళ్లు వద్దన్నారు. ఆ తర్వాత ఇన్నేళ్లూ మిమ్మల్ని ఎవరాపారండీ?"

ఎవరూ ఆపలేదు. కావాలంటే ఏ ఏడైనా సెలవు పెట్టి వెళ్లొచ్చు. వెళ్లకపోవడానికి కారణం ఆయనకి ఇప్పుడు, ఈ వంటింట్లో, నిలబడి ఉండగా తెలిసొచ్చింది. వెళ్లనంతకాలం జపాన్ ఆయనది. ప్రమోషన్ రాకపోయినా, క్యూ కదలకపోయినా, మంచు ఎత్తినా, అక్కడికి వెళ్లుంటే బతుకు వేరేగా ఉండేదని అనుకోవచ్చు. వెళ్లి చూస్తే అది కూడా మామూలు ఊరే అవుతుందేమో. అక్కడా రైళ్లు, ఆఫీసులు, తనలాంటి మనుషులే ఉంటారేమో. అప్పుడిక మంచు ఎత్తిపోసేటప్పుడు ఏమనుకోవాలి? ఆయనకి భయమేసింది. నిజంగా భయమేసింది.

తెర మీద సాతో గారు పెన్ను పట్టుకుని ఓపిగ్గా ఎదురుచూస్తోంది. పక్కన సాత్విక ఆయన నీలం స్వెట్టర్ వేసుకుని ఉంది. అది ఆయన అప్పుడే గమనించాడు.

"మొకుయోబి," అన్నాడు. గురువారం. పడమరకి శూల లేని రోజు.

సాతో గారు తలాడించి రాసుకుంది. రాసి, పెన్నెత్తి మళ్లీ తెర వైపు చూసింది. ఏ గురువారమో కూడా చెప్పాలి కదా.

కమలకుమారి ఫార్మసీకి ఫోన్ చేసి, ఇవాళ గంట ఆలస్యంగా వస్తానని చెప్పింది. గోడ మీది క్యాలెండర్ తీసి ఆయన ముందు పెట్టింది. "చూసి చెప్పండి," అంది. "చెప్పాక, నా బ్యాగొకటి సర్ది సరోజన వాళ్లింట్లో పెట్టి రండి. ఈసారైనా కాస్త చూసుకోండి, అందులో నా బట్టలుండాలి."